వెలుతురు కొలవడం ఎలా: విశాఖ తీరంలో లైట్ మీటరింగ్ సాధన

వైజాగ్‌లో కొత్తగా కెమెరా కొన్నవాళ్లు ముందు వెళ్లేది బీచ్ రోడ్డుకే. అక్కడ తీసిన ఫోటోల్లో తరచూ కనిపించే ఇబ్బంది ఒకటే. ఆకాశం సున్నం వేసినట్టు తెల్లగా అయిపోతుంది, లేదా ఆకాశం బాగా వచ్చి ముందు నిలబడ్డ మనిషి మొహం నల్లబడిపోతుంది. లెన్స్ మంచిది కాదేమో, కెమెరా పాతదైపోయిందేమో అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండింటి తప్పూ ఉండదు. వెలుతురు కొలిచే పనిని పూర్తిగా కెమెరాకి అప్పగించేశారు, అంతే.

ఎక్స్‌పోజర్ పాఠాలు ఎక్కువగా షట్టర్, ఎపర్చర్, ఐఎస్ఓ అనే మూడింటితో మొదలవుతాయి. అవి ఎలా పనిచేస్తాయో మీకు ఓ మాదిరిగా తెలుసనుకునే రాస్తున్నాను. నా దృష్టిలో వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నేను తీస్తున్న ఈ వస్తువు ఫోటోలో ఎంత తెల్లగా, ఎంత నల్లగా కనిపించాలి? దీనికి జవాబు మీ దగ్గర ఉంటే మీటర్ మీ మాట వింటుంది. లేకపోతే తనకు తోచింది చేస్తుంది. ఇక్కడ చెప్పే అభ్యాసాలన్నీ ఆ జవాబు చెప్పడం అలవాటు కావడానికే.

మీటర్‌కి ఏం తెలుసు

కెమెరాలోని మీటర్ వస్తువు మీద పడి తిరిగి వచ్చే వెలుతురును కొలుస్తుంది. ఎదురుగా ఉన్నది పెళ్లికూతురా, పడవా, పాల ప్యాకెట్టా అన్నది ఆ కొలతలో ఉండదు. తను చూస్తున్న దాన్ని మధ్యరకం బూడిద రంగుకి తీసుకురావడమే దాని పని. ఆ బూడిద రంగు తన మీద పడిన వెలుతురులో దాదాపు 18 శాతం తిరిగి పంపుతుంది. మన కంటికి అది నలుపుకీ తెలుపుకీ నడిమధ్యన ఉన్నట్టు కనిపిస్తుంది. కంపెనీని బట్టి ఈ లెక్క కాస్త అటూ ఇటూ ఉంటుంది, కానీ సూత్రం ఇదే.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. తెల్ల గోడని ఫ్రేమ్ నిండా పెట్టి తీస్తే మీటర్ 'అబ్బో, వెలుతురు ఎక్కువైంది' అనుకుని తగ్గిస్తుంది. గోడ మురికిగా, బూడిదగా వస్తుంది. నల్ల గొడుగుని తీస్తే వెలుతురు చాలదనుకుని పెంచుతుంది. నలుపు కాస్తా వెలిసిపోయినట్టు వస్తుంది. అందుకే తెల్లదానికి ప్లస్, నల్లదానికి మైనస్. మొదట్లో ఇది తిరకాసుగా అనిపిస్తుంది. బాగా వెలుగుగా ఉన్నదానికి ఇంకా వెలుగు ఇవ్వడమేంటి అని చెయ్యి ఆగుతుంది. మీటర్ అప్పటికే తగ్గించేసింది కాబట్టి, మీరు దాన్ని తిరిగి అసలు చోటికి తెస్తున్నారని గుర్తు పెట్టుకోండి.

ఇక స్టాప్ అనే మాట. వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్ పెరిగినట్టు, సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు. 1/200 నుంచి 1/400కి వెళ్తే ఒక స్టాప్ తగ్గింది. ఎఫ్11 నుంచి ఎఫ్8కి వస్తే ఒక స్టాప్ పెరిగింది. ప్లస్ 1, మైనస్ 2 అని ఇకపై రాసినప్పుడల్లా ఈ స్టాపులే.

బయల్దేరే ముందు కెమెరా సర్దుకోవడం

ఎపర్చర్ ప్రయారిటీ మోడ్ పెట్టండి, అంటే ఎపర్చర్ మీరు ఎంచుకుంటే షట్టర్ కెమెరా చూసుకుంటుంది. కెనాన్‌లో ఏవీ అని, నికాన్, సోనీల్లో ఏ అని ఉంటుంది. ఐఎస్ఓని ఆటోలోంచి తీసి పగటి వెలుతురుకి 100 దగ్గర ఆపండి. సాధన చేసేటప్పుడు మారే అంశాలు ఎంత తక్కువుంటే అంత త్వరగా అర్థమవుతుంది. ఫైల్ రా (సెన్సర్ పట్టుకున్నదంతా దాచుకునే ఫైల్) ప్లస్ జేపెగ్‌లో పెట్టుకోండి. ప్లేబ్యాక్ మెనూలో హిస్టోగ్రామ్ ఆన్ చేయండి. ఫోటోలో నలుపు ఎంతుందో ఎడమవైపు, తెలుపు ఎంతుందో కుడివైపు చూపించే గ్రాఫ్ అది. హైలైట్ వార్నింగ్ కూడా ఆన్ చేస్తే పూర్తిగా తెల్లబడిపోయిన భాగాలు స్క్రీన్ మీద మినుకుమినుకుమంటాయి. మనవాళ్లు వాటిని 'బ్లింకీస్' అంటుంటారు.

రెండు కంట్రోళ్లు చూడకుండానే వేలికి అందాలి. ఒకటి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, మీటర్ చెప్పిన దానికంటే వెలుతురు పెంచడానికీ తగ్గించడానికీ ప్లస్ మైనస్ గుర్తు ఉన్న బటన్ లేదా డయల్. రెండోది ఎక్స్‌పోజర్ లాక్, ఫ్రేమ్ మార్చినా కొలిచిన అంకె మారకుండా ఆపేది. కెనాన్‌లో దానికి నక్షత్రం గుర్తు ఉంటుంది, నికాన్‌లో ఏఈ-ఎల్ అని, సోనీలో ఏఈఎల్ అని ఉంటుంది. ఈ రెండింటి కోసం వెతుక్కుంటూ ఉంటే పడవ వెళ్లిపోతుంది.

మన ఊరి గాలికి సంబంధించిన మాట ఒకటి. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బీచ్‌కి తీసుకెళ్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. ఆ పొరలోంచి తీసిన ఫోటోలో నలుపులన్నీ లేచిపోయి పాలిపోతాయి. అప్పుడు మీరు మీటరింగ్ తప్పనుకుని సెట్టింగులతో కుస్తీ పడతారు. కెమెరాని బ్యాగులోనే ఉంచి, ఏసీ లేని గదిలో కాసేపు పెట్టి, బయటి వేడికి అలవాటు పడ్డాక తీయండి. ఆవిరి పట్టిన అద్దాన్ని వెంటనే తుడవడం కంటే ఆరనివ్వడం మంచిది.

మూడు మోడ్‌లలో ఏది

ఫ్రేమ్ మొత్తాన్ని గడులుగా విడగొట్టి, ఫోకస్ ఎక్కడుందో కూడా చూసి లెక్కవేసేది ఒక మోడ్. నికాన్ దాన్ని మ్యాట్రిక్స్ అంటుంది, కెనాన్ ఎవాల్యుయేటివ్ అంటుంది, సోనీ మల్టీ అంటుంది. ఈ పద్ధతి 1983లో నికాన్ ఎఫ్ఏ కెమెరాతో వచ్చింది. తెలివైనదే, కానీ ఎప్పుడు ఎంత సర్దుబాటు చేసిందో మనకి చెప్పదు. రెండోది సెంటర్ వెయిటెడ్. ఫ్రేమ్ మధ్య భాగానికి ఎక్కువ విలువ ఇస్తుంది, ఎప్పుడూ ఒకేలా ప్రవర్తిస్తుంది. మూడోది స్పాట్. ఫ్రేమ్‌లో కొద్ది శాతం మాత్రమే ఉండే చిన్న చుక్కని కొలుస్తుంది.

నా సలహా ఏంటంటే, నేర్చుకునే రోజుల్లో స్పాట్ వాడండి. రోజువారీ ఫోటోలకి మ్యాట్రిక్స్‌కి తిరిగి వెళ్లొచ్చు. స్పాట్ కష్టమని చాలామంది భయపెడతారు గానీ, మీటర్ ఎలా ఆలోచిస్తుందో కళ్లకు కట్టేది అదొక్కటే. అయితే ముందు మీ కెమెరాలో స్పాట్ ఎక్కడుందో తెలుసుకోండి. నికాన్‌లలో సాధారణంగా మీరు ఎంచుకున్న ఫోకస్ పాయింట్‌తో పాటు కదులుతుంది. చాలా కెనాన్‌లలో ఫ్రేమ్ మధ్యలోనే ఉంటుంది. ఇది తెలియకుండా మొహం మీద ఫోకస్ పెట్టి, మధ్యలో ఉన్న సముద్రాన్ని కొలిచేవాళ్లు ఎందరో.

మొదటి అభ్యాసం: కుర్సురా, టీయూ-142

ఈ పాఠానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. బీచ్ రోడ్డుకి సముద్రం వైపున ఐఎన్ఎస్ కుర్సురా, నల్లటి సబ్‌మెరైన్. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించుకుని, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. రోడ్డుకి ఇవతల టీయూ-142 విమానం, లేత బూడిద రంగు, 2017 చివర్లో మ్యూజియం అయింది. ఒక నల్లటి వస్తువు, ఒక బూడిద రంగు వస్తువు, మధ్యలో రోడ్డు.

సముద్రం మనకి తూర్పున ఉంది కాబట్టి, రోడ్డు మీంచి చూస్తే ఉదయం ఎండ విమానం మీద సూటిగా పడుతుంది, సబ్‌మెరైన్‌కి వెనక నుంచి వస్తుంది. మధ్యాహ్నం దాటాక పరిస్థితి తిరగబడుతుంది. అందుకని ఉదయం విమానంతో, సాయంత్రం సబ్‌మెరైన్‌తో చేయండి.

మధ్యాహ్నం మూడు దాటాక కుర్సురా ముందు నిలబడండి. ఎఫ్8, ఐఎస్ఓ 100, స్పాట్ మీటరింగ్. ఎండ పడుతున్న నల్లటి దేహం ఫ్రేమ్ నిండా ఉండేలా జూమ్ చేసి, కాంపెన్సేషన్ సున్నాలో ఉంచి ఒకటి తీయండి. తర్వాత మైనస్ 1, మైనస్ 2, మైనస్ 3. నాలుగింటినీ స్క్రీన్ మీద వరసగా చూడండి. సున్నాలో తీసిన దాంట్లో సబ్‌మెరైన్ దుమ్ము పట్టిన బూడిద రంగులో, ఏళ్ల తరబడి రంగు వేయనట్టు ఉంటుంది. మైనస్ 1లో ముదురు బూడిద. మైనస్ 2 దగ్గరికి వచ్చేసరికి అది నిజంగా నల్లగా ఉంటుంది, అయినా రేకుల అతుకులూ, ఉప్పుగాలికి వచ్చిన గరుకుదనమూ కనిపిస్తూనే ఉంటాయి. మైనస్ 3లో అతుకులు మాయమై ఒట్టి నల్లటి ముద్ద మిగులుతుంది. హిస్టోగ్రామ్‌లో దిబ్బ ఒక్కో ఫోటోకీ ఎడమవైపుకి ఎలా జరుగుతోందో కూడా గమనించండి. మీ కంటికి ఏది 'ఇదీ కుర్సురా' అనిపించిందో ఆ అంకె రాసి పెట్టుకోండి. వెలుతురు కోణాన్ని బట్టి కొంచెం మారుతుంది గానీ, ఎండలో ఉన్న నల్లటి వస్తువుకి అది ఒకటిన్నరకీ రెండుకీ మధ్య తేలుతుంది.

విమానంతో ఉదయం ఇదే పని చేయండి. లేత బూడిద కాబట్టి సున్నాకీ ప్లస్ 1కీ మధ్య సరిపోతుంది.

ఇక్కడే ఇంకో పరీక్ష. మీటర్ లేకుండానే ఫోటోగ్రాఫర్లు వాడే లెక్క ఒకటుంది. మబ్బు లేని ఎండలో, ఎండ సూటిగా పడుతున్న వస్తువుకి ఎఫ్16 పెట్టి, షట్టర్ స్పీడ్‌ని ఐఎస్ఓ అంకెకి సమానంగా పెట్టడం. ఐఎస్ఓ 100 అయితే 1/100. అదే ఎఫ్8 అయితే 1/400. పలచటి మబ్బుకి ఎఫ్11, మబ్బు పట్టి నీడలు కనిపించని రోజు ఎఫ్8, దట్టమైన మబ్బుకి ఎఫ్5.6, తెరిపి నీడలో, అంటే ఎండ పడకున్నా పైన ఆకాశం తెరిచి ఉన్న చోట, ఎఫ్4. ఈ లెక్క వస్తువు రంగుని పట్టించుకోదు, దాని మీద పడే వెలుతురునే చూస్తుంది. అందుకే మీటర్ మీద అనుమానం వచ్చినప్పుడు సాక్షిగా పనికొస్తుంది. సబ్‌మెరైన్‌ని కొలిచి మీటర్ 1/100 చూపించిందనుకోండి, పై లెక్క 1/400 అంటోంది. రెండు స్టాపుల తేడా. మీరు మైనస్ 2 పెట్టింది ఆ తేడానే.

అరచెయ్యి మీటర్

మీటర్ కోరుకునే మధ్యరకం బూడిద రంగు కార్డు (గ్రే కార్డు) ప్రతిసారీ జేబులో ఉండదు, అరచెయ్యి ఎప్పుడూ ఉంటుంది. మనుషుల చర్మం రంగులో తేడా ఉన్నంతగా అరచేతుల్లో ఉండదు. సాధారణంగా అరచెయ్యి మధ్యరకం బూడిద కంటే దాదాపు ఒక స్టాప్ వెలుగుగా ఉంటుంది. మీ చేతిది సరిగ్గా ఎంతో తేల్చుకోవాలంటే ఒక్కసారి గ్రే కార్డు కొని పక్కన పెట్టి చూడండి. ఫోటో సామాన్ల షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. ఒకే వెలుతురులో కార్డుని స్పాట్‌తో కొలిచి, తర్వాత అరచేతిని కొలవండి. రెండింటి తేడా మీ అంకె. నీడ పడకుండా, కార్డు మీద మెరుపు రాకుండా చూసుకోండి.

ఇక వాడే పద్ధతి. మీరు తీయబోయే మనిషి మీద ఏ వెలుతురు పడుతోందో, అదే వెలుతురులో అరచెయ్యి చాపండి. దాన్ని స్పాట్‌తో కొలిచి, కాంపెన్సేషన్ ప్లస్ 1 లేదా మీ అంకె పెట్టి, లాక్ నొక్కి, ఫ్రేమ్ చూసుకుని తీయండి. వెనక ఆకాశం ఉన్నా, తెల్ల గోడ ఉన్నా మొహం సరిగ్గా వస్తుంది. మనిషి గొడుగు కింద ఉండి మీరు ఎండలో నిలబడి చెయ్యి చాపితే మాత్రం లెక్క తప్పుతుంది. చెయ్యి కూడా గొడుగు నీడలోకి వెళ్లాలి.

దీని వెనకున్న ఆలోచనకి పెద్ద చరిత్రే ఉంది. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టమ్ రూపొందించారు. పూర్తి నలుపుని 0 అని, పూర్తి తెలుపుని 10 అని, మధ్యలో 5 మన బూడిద అని మెట్లు కట్టారు. ఒక్కో మెట్టుకీ ఒక స్టాప్ తేడా. మీటర్ దేన్ని కొలిచినా దాన్ని 5లో కూర్చోబెడుతుంది. దాన్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో మీరు నిర్ణయిస్తారు. వివరాలు కనిపించాల్సిన నలుపు 3లో, మన తెలుగువాళ్ల చామనఛాయ మొహం 5 దగ్గర్లో, అరచెయ్యి 6లో, నేత కనిపించాల్సిన తెల్ల పంచె 7లో. చామనఛాయ మొహాన్ని ప్లస్‌లోకి తోసి తెల్లగా చేయడం మన స్టూడియోల పాత అలవాటు. అది వద్దని గట్టిగా చెబుతాను. మొహం ఉన్న రంగులో ఉంటేనే అందం, దాని మీద వెలుతురు ఆడినట్టు కనిపించేదీ అప్పుడే.

సూర్యోదయం, ఇసుక, నురగ

విశాఖలో సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు. జూన్‌లో ఐదుంబావు దాటాక, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో. అరగంట ముందే చేరండి, ఎందుకంటే ఆ అరగంటలో వెలుతురు నిమిషానికో తీరుగా మారుతుంది. పది నిమిషాల క్రితం పెట్టిన అంకె ఇప్పటికి పనికిరాదు.

ముందుగా ఒక హెచ్చరిక. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి, ముఖ్యంగా టెలీ లెన్స్‌తో, సూర్యుణ్ణి నేరుగా చూడకండి. కంటికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. వెనక స్క్రీన్ మీద చూస్తూ తీయండి. అప్పుడు కూడా లెన్స్‌ని సూర్యుడి వైపు పెట్టి ఎక్కువసేపు ఉంచకండి, సెన్సర్‌కి మంచిది కాదు.

తెప్ప మీద వెళ్తున్న జాలరి నీడ బొమ్మగా కావాలంటే సూర్యుణ్ణి కొలవొద్దు, జాలరినీ కొలవొద్దు. సూర్యుడికి పక్కగా, ఫ్రేమ్‌లో అతి వెలుగైన చోటు వదిలేసి, రంగు బాగున్న ఆకాశాన్ని స్పాట్‌తో కొలిచి సున్నాలోనే లాక్ చేయండి. నారింజ రంగు నిండుగా వస్తుంది, తెప్ప నల్లటి గీతలా నిలుస్తుంది. సూర్యబింబం తెల్లబడితే బెంగ పడొద్దు. దాన్ని కాపాడాలని చూస్తే మిగతా ఆకాశమంతా మసైపోతుంది.

ఎండ ఎక్కాక బీచ్ పూర్తిగా వేరే సమస్య. పొడి ఇసుక, నురగ, ఎదురుగా మెరిసే నీళ్లు, అన్నీ మీటర్‌ని భయపెడతాయి. మ్యాట్రిక్స్‌లో ఉంటే ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 వరకు ఇవ్వండి. స్పాట్‌లో ఉంటే ఎండ పడుతున్న నురగని కొలిచి ప్లస్ 2 దగ్గర పెట్టండి, బ్లింకీస్ వస్తే ఒకటి రెండు క్లిక్కులు వెనక్కి. నురగలో బుడగలు కనిపించాలి, అదే గుర్తు. డిజిటల్ సెన్సర్‌లో ఒకసారి పూర్తిగా తెల్లబడిన చోట ఏ వివరమూ మిగలదు, కంప్యూటర్‌లో ఎంత తగ్గించినా అది ఖాళీ బూడిదే. నీడల్లో మాత్రం రా ఫైల్ చాలా దాచుకుని ఉంటుంది. అందుకే ఎటూ తేలనప్పుడు తెలుపుని కాపాడండి. నికాన్ కొత్త మోడళ్లలో హైలైట్ వెయిటెడ్ అనే నాలుగో మీటరింగ్ ఈ పని తానే చేస్తుంది.

హిస్టోగ్రామ్ గురించి తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. రా తీస్తున్నా సరే, కెమెరా చూపించే హిస్టోగ్రామ్ లోపల తయారయ్యే జేపెగ్‌ది. కాబట్టి బ్లింకీస్ కొంచెం ముందుగానే అరుస్తాయి. ఎంత ముందుగా అన్నది మీ కెమెరాతో తీసి, కంప్యూటర్‌లో రా తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం జాగ్రత్త

భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు సాయంత్రం ఎండలో చూడాలి. అక్కడ మీటర్ పెద్దగా తప్పు చెప్పదు, ఎండలో ఎర్రమట్టి మధ్యరకానికి దగ్గరగానే ఉంటుంది. తెల్ల హిస్టోగ్రామ్ చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే దిబ్బ మీద వాన గీసిన సన్నటి చారలన్నీ పోయి, ఒకే ఎరుపు ముద్దలా ఉంటుంది.

తెల్ల హిస్టోగ్రామ్ మూడు రంగుల్ని కలిపి చూపిస్తుంది. సాయంత్రం ఎండలోనూ ఎరుపే ఎక్కువ, మట్టిలోనూ ఎరుపే ఎక్కువ. నీలం, ఆకుపచ్చ ఇంకా మధ్యలో ఉండగానే ఎరుపు కుడి గోడకి గుద్దుకుంటుంది. మెనూలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గ్రాఫ్ గోడకి తగలకుండా ఉండే దాకా తగ్గించండి. మైనస్ 2/3 సాధారణంగా సరిపోతుంది. మందారపువ్వులకీ, కుంకుమ రంగు పట్టుచీరలకీ ఇదే మందు. దిబ్బలు ఎక్కి తొక్కకండి, ఆ చారలు ఏర్పడటానికి చాలా కాలం పట్టింది.

ఫిషింగ్ హార్బర్‌లో వెలుగూ నీడా

పొద్దున్నే బోట్లు వచ్చి వేలం నడుస్తున్నప్పుడు ఫిషింగ్ హార్బర్‌లో షెడ్డు కింద చీకటి, బయట ఎండ. ఒక ఫ్రేమ్‌లో రెండూ పెడితే ఏ మీటరూ రెండింటినీ కాపాడలేదు. మీరు ఎంచుకోవాలి. కథ షెడ్డు లోపల ఉంటే బుట్ట ముందు కూర్చున్న అమ్మ మొహాన్ని కొలవండి, బయట తెల్లబడనివ్వండి. లేదా కెమెరాని పక్కకి తిప్పి వెలుగు భాగమే ఫ్రేమ్‌లో లేకుండా చేయండి, నేనైతే ఇదే ఇష్టపడతాను.

సావళ్లు, చందువాలు పోగులు పోసి ఉంటే వాటి వెండి ఒంటి మీద మెరుపులు బ్లింక్ అవుతాయి. ఆ చుక్కల కోసం ఎక్స్‌పోజర్ తగ్గించొద్దు. తడి మీద, లోహం మీద మెరుపు పూర్తి తెలుపుగానే ఉండాలి, అప్పుడే అది తడిగా కనిపిస్తుంది. మెరుపు లేని చోట చేప ఒంటిని కొలిచి ప్లస్ 2/3 ఇవ్వండి చాలు. అడిగి తీయండి, పని వేళలో అడ్డం నిలబడకండి. హార్బర్ చుట్టుపక్కల నౌకాదళానికీ, పోర్టుకీ చెందిన చోట్ల ఫోటోలు నిషిద్ధం, బోర్డు చూసి కెమెరా దించేయండి.

పెళ్లి మండపంలో

ఇక్కడే చాలామందికి టెన్షన్. తెల్లటి మధుపర్కాలు, వెనక ఎల్ఈడీ గోడ, ముందు వీడియో లైటు, పక్కన చీకట్లో బంధువులు. ఎపర్చర్ ప్రయారిటీలో పెట్టుకుని తీస్తే ఫ్రేమ్ కొంచెం కదిలినప్పుడల్లా మొహాల వెలుగు మారిపోతుంది. అన్నీ కలిపి ఆల్బమ్ వేయలేరు.

మండపం మీద లైట్లు మారవు కాబట్టి ఒక్కసారి కొలిచి మాన్యువల్‌లో స్థిరపరచండి. దీనికి అన్నిటికంటే మంచి సాధనం చేతి లైట్ మీటర్. తెల్లటి గుండ్రటి బుడగ ఉంటుంది చూడండి, సెకోనిక్ లాంటి కంపెనీలు చేసేవి. దాన్ని పెళ్లికూతురు మొహం దగ్గర పెట్టి, బుడగని మీ కెమెరా వైపు తిప్పి కొలవాలి. అది వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుతురుని కాక, వస్తువు మీద పడే వెలుతురుని కొలుస్తుంది కాబట్టి మధుపర్కం తెల్లగా, జడ నల్లగా, మొహం ఉన్న రంగులో వాటంతటవే వస్తాయి. కాంపెన్సేషన్ అవసరమే ఉండదు. చేతి మీటర్ లేకపోతే, వధూవరులు పీటల మీదికి రాకముందే అక్కడ గ్రే కార్డు పట్టుకోమని ఎవరినైనా అడగండి. స్పాట్‌తో సున్నాలో కొలవండి. అదీ కుదరకపోతే మధుపర్కం తెలుపుని కొలిచి ప్లస్ ఒకటిన్నర నుంచి 2 దాకా. ఎర్ర అంచు మీద కాదు, మడత నీడలో కాదు, లైటు సూటిగా పడిన తెల్లటి చోట.

మాన్యువల్‌లో కాంపెన్సేషన్ డయల్ తిప్పితే ఏం మారుతుందన్నది కెమెరాని బట్టి ఉంటుంది. ఐఎస్ఓ ఆటోలో ఉంటే చాలా కెమెరాల్లో ఐఎస్ఓ మారుతుంది. అంతా స్థిరంగా ఉంటే మీరే మీటర్ గీతని ప్లస్ 2 దాకా జరపాలి.

షట్టర్ స్పీడ్ విషయంలో ఇంకో సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతాయి. 1/500 దగ్గర తీస్తే ఒక ఫోటో వెలుగుగా, తర్వాతది మసగ్గా వస్తుంది. మీటర్ పాడైందనుకుంటారు. 1/100 దగ్గర ఉంటే ఈ గోల దాదాపు ఉండదు. తలంబ్రాలు గాలిలో ఆగినట్టు రావాలంటే ఇది చాలదు, అప్పుడు ఫ్లాష్ వాడాలి. జీలకర్ర బెల్లానికి మాత్రం 1/100 హాయిగా సరిపోతుంది.

రాత్రి, చంద్రుడు, ఫోన్

రాత్రి కైలాసగిరి మీంచి ఊరి దీపాలు తీస్తే మీటర్ రాత్రిని పగలు చేయాలని చూస్తుంది. మైనస్ 1తో మొదలుపెట్టండి. ట్రైపాడ్ మీద డీఎస్ఎల్ఆర్ ఉంటే వెనక వ్యూఫైండర్ అద్దాన్ని చేత్తోనో, మూతతోనో కప్పండి. వెనక లైటు అందులోంచి దూరి మీటర్‌ని తప్పుదారి పట్టిస్తుంది.

పున్నమి చంద్రుడు మనకి సముద్రంలోంచే లేస్తాడు, సూర్యుడు అస్తమించే వేళకి. బాగా పైకి వచ్చాక అతన్ని తీయాలంటే ఎఫ్11, ఐఎస్ఓ 100, 1/100. అది ఎండలో ఉన్న రాయి, రాత్రి వస్తువు కాదు. అంచు దగ్గర ఎర్రగా ఉన్నప్పుడు గాలి పొర చాలా వెలుగు మింగేస్తుంది కాబట్టి రెండు స్టాపుల దాకా పెంచాల్సి వస్తుంది.

ఫోన్‌లోనూ మీటర్ ఇలాగే పనిచేస్తుంది. స్క్రీన్ మీద వేలు పెట్టిన చోటే అది కొలిచే చోటు. వేలు అక్కడే నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకీ కిందకీ జరపడమే కాంపెన్సేషన్. సూర్యోదయంలో ఆకాశం మీద నొక్కి లాక్ చేసి, గుర్తుని కాస్త కిందకి లాగండి.

ఇంటికొచ్చాక చేయాల్సింది

ఫోటోల్లోంచి బాగున్నవి ఏరేముందు, ఒకే వస్తువుని వేర్వేరు కాంపెన్సేషన్‌లలో తీసిన వాటిని పక్కపక్కన తెరవండి. ప్రతి ఫైల్‌లోనూ షట్టర్, ఎపర్చర్, కాంపెన్సేషన్, మీటరింగ్ మోడ్ అన్నీ నమోదై ఉంటాయి. విడిగా రాసుకోవాల్సింది ఒక్కటే, దేన్ని కొలిచారన్నది. అది ఫైల్ చెప్పదు. 'నురగ, ప్లస్ 2', 'అరచెయ్యి, ప్లస్ 1', 'కుర్సురా, మైనస్ ఒకటిన్నర' అని ఫోన్ నోట్స్‌లో అక్కడికక్కడే కొట్టుకోండి. కంప్యూటర్ స్క్రీన్ బ్రైట్‌నెస్ మధ్యలో పెట్టి చూడండి, పూర్తిగా పెంచి చూస్తే ప్రతి ఫోటో వెలుగుగానే కనిపించి, మర్నాడు మీరు అనవసరంగా మైనస్‌లోకి వెళ్తారు. తర్వాత ఎండలో ఒక తెల్లటి వస్తువుని చూడగానే, కెమెరా ఎత్తకముందే అంకె చెప్పి, ఆ తర్వాత కొలిచి సరిచూసుకోండి. మీరు చెప్పిన అంకెకీ, నచ్చిన ఫోటో అంకెకీ తేడా 1/3 స్టాప్‌లోకి వచ్చే దాకా స్పాట్ మోడ్‌లోనే ఉండండి.